సైరన్ మోగినప్పుడు టోర్నడోకు అంకె ఉండదు: అపోహలు - వాస్తవాలు

టోర్నడో (నేలను తాకే భీకర సుడిగాలి) తర్వాత కూలిన ఇళ్లను పరిశీలించే స్ట్రక్చరల్ ఇంజనీరుగా అమెరికాలోని డల్లాస్ ప్రాంతంలో పనిచేస్తున్న నాకు, ఏటా వసంతకాలంలో సైరన్ మోగగానే మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, ఇది ఈఎఫ్ ఎంతట?" ఈఎఫ్ అంటే ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా, టోర్నడో తీవ్రతను 0 నుంచి 5 వరకు అంకెల్లో చెప్పే కొలమానం.

అపోహ: వచ్చేది ఈఎఫ్ 1 అయితే నిశ్చింతగా కూర్చోవచ్చు.

వాస్తవం: ఆ సమయానికి ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా చెబితే అది ఊహే తప్ప మరొకటి కాదు. తుపాను రాకముందే విశాఖ, కాకినాడ రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లను వింటూ పెరిగిన మనకు ఇదీ అలాంటిదేనని అనిపించడం సహజమే. అయితే రేవులోని నంబరు రాబోయే ముప్పును చెబుతుంది, ఈఎఫ్ అంకె మాత్రం జరిగిపోయిన నష్టాన్ని చూశాక అమెరికా వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చేది. వాతావరణ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజిటా 1971లో రూపొందించిన కొలమానాన్ని సవరించి అమెరికాలో 2007 నుంచి వాడుతున్న ఈ పద్ధతిలో ఇళ్లు, బడులు, చెట్లు, కరెంటు స్తంభాల వంటి 28 రకాల ఆనవాళ్లు ఉన్నాయి. ఏది ఎంతగా దెబ్బతిన్నదో చూసి, అందుకు ఎంత గాలి అవసరమో వెనక్కి లెక్కగడతారు. గంటకు 65 మైళ్ల దగ్గర ఈఎఫ్ 0 మొదలవుతుంది, 200 దాటితే ఈఎఫ్ 5. చులకనగా చూసే ఈఎఫ్ 1 అంటే 86 నుంచి 110 మైళ్లు. మొబైల్ హోములను, అంటే తరలించగల తేలికపాటి ఇళ్లను, బోర్లా పడవేయడానికి అది చాలు.

అపోహ: ఇల్లు తుడిచిపెట్టుకుపోతే అది ఈఎఫ్ 5.

ఒకసారి పక్కపక్కనే రెండు ఖాళీ పునాదులను చూశాను. ఒకదాని అంచున ఇంటిని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు వంగి ఉన్నాయి, వాటి వాషర్ల కింద అడుగు చెక్క పేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. రెండోదానిలో బోల్టులే లేవు, మేకులు మాత్రమే ఉన్నాయి. మేకులతో నిలిచిన ఇల్లు చాలా తక్కువ గాలికే లేచిపోతుంది కనుక దానికి తక్కువ వేగమే రాసుకున్నాము. "సర్వం పోయినా తక్కువేనంటారా?" అని ఆ ఇంటి పెద్దాయన అడిగినప్పుడు, మేము కొలిచేది గాలినే కాని ఆయన నష్టాన్ని కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అపోహ: రాడార్ కొలిచిన వేగాన్ని బట్టి స్థాయి ఇస్తారు.

2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో వెడల్పు 2.6 మైళ్లు, సంచార రాడార్లు దానిలో గంటకు 300 మైళ్లకు చేరువైన గాలులను పట్టుకున్నాయి. అయినా అది ఎక్కువగా పొలాల మీదుగా సాగడంతో, నష్టాన్ని బట్టి చివరకు ఈఎఫ్ 3గానే నమోదైంది.

ఇక ఈఎఫ్ 4 అంటే దారి పొడవునా అంతే తీవ్రత అని కాదు, ఎక్కడో ఒకచోట కనిపించిన గరిష్ఠం మాత్రమే. ఈఎఫ్ 6 అనేది అసలు లేదు.

ఇప్పుడు సైరన్ మోగుతుండగా ఫోన్ వస్తే, తలదాచుకోవడానికి కింది అంతస్తులో కిటికీ లేని గది ఏదని ఎదురు ప్రశ్న వేస్తాను. మన ఇళ్లలో అది సాధారణంగా మెట్ల కింది అర, అందులో నిండుగా సోనా మసూరి బస్తాలు. ముందు వాటిని బయటికి లాగమంటాను.