కోత తరువాతి నష్టం: 1975 నాటి లక్ష్యం ఏమైంది?

కోసిన పంట నిర్జీవ సరుకు కాదు. మొక్క నుంచి వేరుపడిన పండైనా, కూరగాయైనా తనలో నిల్వ ఉన్న చక్కెరలను ఖర్చు చేసుకుంటూ శ్వాసిస్తూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆ శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది కాబట్టి, పొలంలో పంటకు పట్టిన వేడి దిగకముందే ఎండలో గడిచే గంటలే నిల్వ కాలాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి.

ఆహారం ఎందుకు పాడవుతుందో, ఎలా నిలుస్తుందో శాస్త్రానికి ఆలస్యంగా తెలిసింది. గాజు సీసాల్లో ఆహారాన్ని వేడిచేసి మూసి భద్రపరిచే పద్ధతికి ఫ్రాన్స్‌కు చెందిన నికోలా అపేర్ 1810లో ప్రభుత్వ బహుమతి పొందినా, అది ఎందుకు పాడవడం లేదో వివరించడానికి లూయీ పాశ్చర్ పరిశోధనలు రావలసి వచ్చింది. 1920లలో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ గిడ్డంగి గాలిలో ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆపిల్ పండ్లు ఎక్కువకాలం నిలుస్తాయని నిరూపించారు. పండును మాగబెట్టే ఇథిలీన్ వాయువు పండులోనే పుడుతుందని 1934లో రిచర్డ్ గేన్ తేల్చారు. అయితే ఈ జ్ఞానం పెట్టుబడి ఉన్న గిడ్డంగులకు, శుద్ధి పరిశ్రమలకు చేరినంత త్వరగా చిన్న రైతు కళ్లానికి చేరలేదు. విలువ జోడింపు, అంటే పంటను శుభ్రపరచి, శుద్ధి చేసి ఎక్కువ ధర రాబట్టడం, తెచ్చే లాభం పొలానికి దూరంగా పోగుపడటానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు తరువాత, 1975లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వర్ధమాన దేశాల్లో కోత అనంతర ఆహార నష్టాన్ని 1985 నాటికి కనీసం 50 శాతం తగ్గించాలని తీర్మానించింది. ఆహార, వ్యవసాయ సంస్థ ప్రత్యేక కార్యక్రమాన్నీ చేపట్టింది. గడువు ముగిసింది, లక్ష్యం నెరవేరలేదు. 2007–08లో ఆహార ధరలు పెరిగాకే ఈ విషయం మళ్లీ బలంగా చర్చకు వచ్చింది.

ప్రపంచ ఆహారంలో మూడో వంతు, అంటే ఏటా సుమారు 130 కోట్ల టన్నులు, వృథా అవుతోందన్న 2011 నాటి అంచనాలో దుకాణాల్లో, ఇళ్లలో పారవేసేదీ కలిసి ఉంది. కోత నుంచి చిల్లర అమ్మకానికి ముందు వరకు జరిగే నష్టాన్ని విడిగా చూసిన 2019 నివేదిక దాన్ని సుమారు 14 శాతంగా లెక్కకట్టింది. ఈ రెండింటినీ కలిపి రైతు ఖాతాలో వేయడం అన్యాయం. 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆహార వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న అంకె చిల్లర వ్యాపారులకు, వినియోగదారులకే వర్తిస్తుంది. కోత అనంతర నష్టం విషయంలో ‘తగ్గించాలి’ అన్న మాట తప్ప అంకె లేదు. నలభై ఏళ్లలో లక్ష్యం ఇలా పలచబడటం బాధాకరం.

విలువ జోడింపు అనగానే యంత్రాలు, కర్మాగారాలు గుర్తుకొస్తాయి కానీ నీడ, శుభ్రత, గ్రేడింగ్ (నాణ్యతను బట్టి వేరుచేయడం), గింజలో తగిన తేమ శాతం వచ్చేదాకా ఆరబెట్టడం దాని తొలి మెట్లు. 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల నిల్వ కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదలుపెట్టిన కృషి నుంచి వచ్చిన మూడు పొరల సంచి ఇందుకు మంచి ఉదాహరణ: గాలి చొరబడకుండా మూతి బిగిస్తే లోపలి పురుగులు ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని తినడం మానేస్తాయి, పురుగుమందు అవసరం ఉండదు, కోతల సమయంలో ధర పడిపోయినప్పుడు అమ్మకుండా రైతు కొన్ని నెలలు ఆగగలుగుతాడు.