చూపు నిలిచిపోయే పది సెకన్లు

మూర్ఛ అనగానే మనకు గుర్తొచ్చేది కిందపడి కొట్టుకోవడం, నోట్లో నురగ, ఎవరో పరుగున తెచ్చి చేతిలో పెట్టే తాళాల గుత్తి. తాళాల వల్ల ఏ ఉపయోగమూ లేదు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు. అయితే పిల్లలకు వచ్చే ఒక రకం మూర్ఛలో ఈ పడిపోవడాలేవీ ఉండవు. ఎక్కం అప్పజెబుతున్న పాప ‘ఏడు మూళ్లు’ దగ్గర ఆగి అలాగే చూస్తూ ఉండిపోతుంది. రెప్పలు కాస్త అదురుతాయి. పది సెకన్లకు ఏమీ జరగనట్టే మామూలవుతుంది. రోజుకు పదులసార్లు ఇలా అవుతుంటే బళ్లో ‘పరధ్యానం’ అని తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. జబ్బు చేసిన బిడ్డను ఆ జబ్బు లక్షణానికే కొట్టడం ఎంత అన్యాయం!

ఇది ఆబ్సెన్స్ ఎపిలెప్సీ. ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల లోపు మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడానికి, మెదడులో పుట్టే విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీని మించిన పరీక్ష లేదు. మనిషి మెదడు విద్యుత్తును 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ తొలిసారి నమోదు చేశాడు. 1935లో బాస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ ఈ పిల్లల ఈఈజీలో ఒక ప్రత్యేకమైన గీతను చూశారు: సూదిమొనలాంటి ఒక స్పైక్, వెంటనే ఒక నిదానమైన అల, సెకనుకు మూడుసార్ల చొప్పున, తలంతా ఒకేసారి.

ఈఈజీకి ముందురోజే చెబుతారు, తలస్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకురమ్మని. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, గుర్తులు పెట్టి, పేస్టుతో ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. నొప్పి ఉండదు, కరెంటు లోపలికి పంపరు, మెదడులో పుట్టేదాన్ని చదువుతారంతే. తర్వాత పాప చేతికి కాగితపు గాలిమర ఇచ్చి మూడు నిమిషాలు ఊదమంటారు. గట్టిగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మందు మొదలుపెట్టని పిల్లల్లో చాలామందికి అప్పుడే మూర్ఛ బయటపడుతుంది. తెరమీద స్పైకులు మొదలవగానే టెక్నీషియన్ ఒక మాట అంటారు, ‘మామిడిపండు’ అనో ఇంకేదో. అలలు ఆగాక ‘నేనేం చెప్పాను?’ అని అడిగితే పాపకు గుర్తుండదు. ఆ మాట వినబడనే లేదు.

ఏ రకం మూర్ఛో తేలితేనే మందు కుదురుతుంది. చాలా మూర్ఛలకు బాగా పనిచేసే కార్బమజెపిన్ ఆబ్సెన్స్‌ను ఇంకా పెంచుతుంది. దీనికి ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ వంటివి కావాలి. రొలాండిక్ ఎపిలెప్సీ అని మరో రకం ఉంది. దాని స్పైకులు నిద్రలో ఎక్కువవుతాయి కాబట్టి బిడ్డను రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తెమ్మంటారు. అది యుక్తవయసుకల్లా దానంతటదే పోతుంది. ఆ మాట వింటే తల్లిదండ్రులకు సగం బెంగ తీరుతుంది.

గీత ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మూర్ఛ ఉన్నా మొదటి ఈఈజీ మామూలుగా రావడం కొత్తేమీ కాదు. ఏ జబ్బూ లేని కొద్దిమంది పిల్లల్లోనూ స్పైకులు కనిపిస్తాయి. అందుకే మూర్ఛ వచ్చినప్పుడు ఇంట్లో ఫోనుతో తీసిన వీడియోకు అంత విలువ. ముఖ్యంగా పసిపిల్లలు వరసగా ఉలిక్కిపడినట్టు ముడుచుకుంటుంటే అజీర్తి అనుకుని ఆగొద్దు. అవి ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అనే పసిపిల్లల మూర్ఛ కావచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఎదుగుదల దెబ్బతింటుంది.

మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ ఆలోచిస్తే, ‘ఎక్కడ పుడుతోంది’ అన్నది తేలాలి. పుర్రె ఎముక విద్యుత్తును చెదరగొడుతుంది గానీ, అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపదు. దాన్ని కొలిచేదే ఎంఈజీ. ఆ క్షేత్రం భూమిదానికంటే కోట్ల రెట్లు బలహీనం కనుక, బయటి ప్రభావం చేరని గదిలో, ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిచిన సెన్సర్లతో పట్టుకుంటారు. స్పైకు పుట్టిన చోటును ఎంఆర్ఐ బొమ్మ మీద గుర్తిస్తారు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వంటి కొద్దిచోట్లే ఇది ఉంది. ఆ సెన్సర్లు అమర్చిన హెల్మెట్ పెద్దల తలకు చేసింది. పసివాడి చిన్న తల అందులో వదులుగా ఉంటుంది, కదిలితే లెక్క తప్పుతుంది. హీలియం అక్కర్లేకుండా తలకు తొడుక్కునే కొత్త సెన్సర్లను బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ శాస్త్రవేత్తలు పిల్లల మీద పరీక్షిస్తున్నారు. వాటితో బిడ్డ తల తిప్పినా కొలత సాగుతుంది.