షాక్ ఇవ్వాల్సింది ఎవరు?

ఐసీయూలో రోగి గుండె లయ తప్పిన క్షణాన మంచం పక్కన ఉండేది ఎక్కువగా నర్సే. మానిటర్ మీద గీత అడ్డదిడ్డంగా మారడం ముందు చూసేదీ నర్సే. అయినా డీఫిబ్రిలేటర్‌తో, అంటే ఛాతీ మీదుగా గుండెకు కరెంటు పంపే యంత్రంతో, షాక్ ఇవ్వడం మాత్రం డాక్టర్ పనే అన్న భావన చాలామంది నర్సుల్లో బలంగా ఉంటుంది.

వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనే ప్రాణాంతకమైన లయ లోపంలో గుండె కింది గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. రక్తం ముందుకు కదలదు. షాక్ ఆ కండరాన్నంతా ఒకేసారి ఉత్తేజపరిచి, గందరగోళంగా తిరుగుతున్న విద్యుత్ తరంగాలను ఆపేస్తుంది. అప్పుడు గుండెలోని సహజ పేస్‌మేకర్ మళ్లీ పగ్గాలు అందుకునే అవకాశం దొరుకుతుంది. ఆలస్యమైతే ఆ వణుకు కూడా ఆగిపోతుంది; మానిటర్ మీద గీత పూర్తిగా చదునైపోతే షాక్ పనిచేయదు. అందుకే ఈ చికిత్సకు సమయమే ప్రాణం: సీపీఆర్ (ఛాతీ మీద ఒత్తుతూ, శ్వాస అందించడం) కూడా అందకపోతే, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం వరకు పడిపోతుంది. అమెరికా ఆసుపత్రుల్లో 6,789 మంది రోగుల వివరాలతో 2008లో వెలువడిన అధ్యయనంలో, రెండు నిమిషాల లోపు షాక్ అందినవారిలో 39.3 శాతం మంది ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. ఆలస్యమైనవారిలో 22.2 శాతమే.

మరి నర్సు చేయి ఎందుకు ఆగుతుంది? కొందరికి లయను తప్పుగా చదువుతామేమో అన్న భయం. అది ఉత్త భయం కాదు, నాడి ఉన్న మనిషికి తప్పుగా షాక్ ఇస్తే గుండె నిజంగానే లయ తప్పవచ్చు. అయితే రోగిలో స్పందన, శ్వాస, నాడి చూసుకోవడం నేర్చుకోగలిగిన పనే. లయను తనే విశ్లేషించి షాక్ అవసరమో కాదో చెప్పే ఏఈడీ మోడ్ చాలా యంత్రాల్లో ఉంది. పక్కవాళ్లకు కరెంటు తగులుతుందన్న టెన్షన్‌నూ అతికించే ప్యాడ్లు, ‘అందరూ దూరం జరగండి’ అన్న గట్టి పిలుపు చాలావరకు తగ్గిస్తాయి.

మూడో భయం వేరు: ‘నిన్నెవరు ఇవ్వమన్నారు?’ అని తర్వాత ఎవరైనా నిలదీస్తే? నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. ఎంత శిక్షణ ఇచ్చినా ఇది పోదు, ఎందుకంటే లోటు నర్సు నైపుణ్యంలో లేదు. అధికారం కాగితం మీద లేకపోవడమే లోటు. 1960ల్లోనే ఫిలడెల్ఫియాలో డాక్టర్ లారెన్స్ మెల్ట్‌జర్ తన కరొనరీ కేర్ యూనిట్‌లో (గుండె రోగుల ప్రత్యేక విభాగంలో) నర్సులకు గుండె లయలు చదవడం నేర్పి, డాక్టర్ కోసం ఆగకుండా షాక్ ఇచ్చే బాధ్యత అప్పగించారు. అంటే ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. శిక్షణ పొందిన నర్సు ఏ పరిస్థితుల్లో, ఎన్ని జూల్స్‌ (షాక్ శక్తి కొలత)తో, ఎవరినీ అడగకుండా షాక్ ఇవ్వవచ్చో రాసిన స్టాండింగ్ ఆర్డర్ ప్రతి యూనిట్‌లోనూ ఉండాలి.

దాంతోపాటు సాధన. ఒకసారి నేర్చుకున్న నైపుణ్యం నెలల్లోనే సడలుతుంది కాబట్టి మాక్ డ్రిల్స్ తరచుగా, వార్డులో రోజూ వాడే యంత్రం మీదే జరగాలి. డ్రిల్‌లో డాక్టర్ కావాలనే ఆలస్యంగా రావాలి. ఆయన తలుపు తీసేసరికి మొదటి షాక్ పడి, ఛాతీ మీద ఒత్తిళ్లు మళ్లీ మొదలై ఉండాలి.