వంశధార మోసుకెళ్ళే ఉప్పు

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మనమంతా కళింగపట్నం వెళ్ళినప్పుడు, అలకు బోర్లాపడి గుక్కెడు నీళ్ళు మింగిన చిన్నది దగ్గుతూనే నన్నొక ప్రశ్న అడిగింది: "తాతయ్యా, వంశధార నీళ్ళు తియ్యగా ఉంటాయి, ఆ ఏరు వచ్చి కలిసేది ఇక్కడే, మరి ఈ నీళ్ళు ఇంత ఉప్పగా ఎందుకున్నాయి?" చీకటి పడుతోందని ఆ రోజు అందరినీ ఇంటికి తీసుకువచ్చేశాను. ఆ జవాబు మీకు బాకీ ఉండిపోయింది.

మీ నానమ్మ చారు పొయ్యిమీద పెట్టి, తులసికోట దగ్గర దీపం వెలిగించడానికి వెళ్ళి, పక్కింటివారితో మాటల్లో పడితే ఏమవుతుందో మీకు తెలుసు. చారు ఇగిరిపోయి నోట పెట్టలేనంత ఉప్పన అవుతుంది. ఉప్పు మళ్ళీ ఎవరూ వేయలేదు. ఆవిరిగా పోయింది నీరు మాత్రమే, ఉప్పు గిన్నెలోనే ఉండిపోయింది. సముద్రం అటువంటి చారుగిన్నె, సూర్యుడు దాని పొయ్యి. పైకి లేచిన ఆవిరి మేఘమై కొండలమీద కురుస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఆ వాననీటితో రాళ్ళనూ మట్టినీ ఒరుసుకుంటూ, వాటిలోని లవణాలను మన నాలుకకు అందనంత కొద్దిగా కరిగించుకుని, తెచ్చి మళ్ళీ అదే గిన్నెలో వేస్తుంది. చిటికెడు చిటికెడుగా నదులన్నీ కోట్ల సంవత్సరాలుగా చేస్తున్న పని ఇది. సముద్రం అడుగునున్న అగ్నిపర్వతాలు కూడా తమ వంతు కలిపాయి. ఇప్పుడు లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉన్నాయి.

ఆ చారును పళ్ళెంలో పోసి ఎండబెట్టడమే మన నౌపడ ఉప్పుమళ్ళలో జరిగే పని. కాలువగుండా వచ్చిన ఉప్పునీటిని ముందు పెద్ద మళ్ళలో నిలిపి, చిక్కబడినకొద్దీ చిన్న మళ్ళలోకి వదులుతారు. కాళ్ళతో తొక్కి గట్టిపరచిన చివరి మడిలో ఉప్పు గడ్డకడుతుంది. పొడవైన కర్రకు పలక బిగించి, దానితో ఆ ఉప్పును గట్టుమీదికి లాగి, మిగిలిన చేదునీటిని బయటికి పోనిస్తారు.

నా పదేళ్ళప్పుడు మా మామయ్య వెంట అక్కడికి వెళ్ళి, గట్టుమీద జారి మోకాలు గీరుకున్నాను. ఆ గీతమీద ఉప్పునీరు తగిలిన మంట ఇప్పటికీ జ్ఞాపకముంది. మడిలో పనిచేస్తున్న ఒక అవ్వ, ఎంతో దూరం నుంచి తాగడానికి తెచ్చుకున్న కుండలోని మంచినీటితో నా మోకాలు కడిగింది. కనుచూపుమేర నీళ్ళున్న ఆ చోట ఆమెకు ఆ రోజంతటికీ ఉన్నవి ఆ కుండెడే. వరి రైతు వాన కోసం ఎదురుచూస్తే, ఉప్పు రైతు ఎండ కోసం ఎదురుచూస్తాడనీ, అకాలంలో పడిన ఒక్క వాన చేతికొచ్చిన పంటను కరిగించేస్తుందనీ ఆమె చెబితేనే తెలిసింది. అన్నం పళ్ళెంలో ఉప్పు వృథాగా వదిలేసేటప్పుడు ఆ అవ్వను తలుచుకోండి.

ఇక ఉప్పు మనకెందుకు? మీ కన్నీరు ఎప్పుడైనా పెదవిమీదికి జారితే రుచి చూసే ఉంటారు. చెమటా అంతే, నెత్తురూ అంతే. నరాలు కబురు మోయడానికీ, కండరాలు కదలడానికీ ఉప్పులోని సోడియం కావాలి. ఎండలో ఒళ్ళు వంచేవారు చెమటతోపాటు ఉప్పును కూడా పోగొట్టుకుంటారు కాబట్టి, అది లేకపోతే ముందుగా కుంగిపోయేది వారే. అటువంటి ఉప్పుమీద తెల్లదొరల ప్రభుత్వం పన్ను వేసినందుకే గాంధీగారు 1930 మార్చి 12న సబర్మతి నుంచి నడక మొదలుపెట్టి, ఏప్రిల్ 6న దండి తీరంలో గుప్పెడు ఉప్పు చేతిలోకి తీసుకున్నారు. అయితే ఇంట్లో నీడపట్టున కూర్చునే మనకు రోజుకు చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు, దాటకూడదు. ఆవకాయ దగ్గర మాత్రం ఈ లెక్క మరిచిపోకండి.

ఉప్పు గడ్డకట్టే తీరును నేను మాటల్లో చెప్పలేను. గ్లాసు నీటిలో కల్లుప్పు కరిగినంత కరిగించి, వెడల్పాటి పళ్ళెంలో పోసి డాబామీద కదపకుండా ఉంచండి. నీరు ఇంకుతున్నకొద్దీ అంచుల్లో మెరిసే పలుకులను భూతద్దంతో చూడండి. వాటికి ఎన్ని మూలలున్నాయో, ఎన్నో రోజున కనిపించాయో నాకు రాయండి.

మీ
తాతయ్య