పాత వీడియో క్యాసెట్లు: అపోహలు - వాస్తవాలు

"ఒకసారి వీసీఆర్‌లో వేసి చూశానండీ, మధ్యలో ఆగిపోయింది. అందుకే మీ దగ్గరికి తెచ్చాను." ఒడిశాలోని బరంపురంలో పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే నాకు ఈ మాట వినపడని నెల లేదు. ముందు నా దగ్గరికి తెచ్చి తర్వాత వేసి చూస్తే ఎంత బాగుండు!

అపోహ: బాగుందో లేదో ఆడించి చూస్తేనే తెలుస్తుంది.

ఆడించకండి. క్యాసెట్టును వెలుతురుకు పట్టుకుని దాని కిటికీలోంచి చూడండి. చుట్టిన టేపు నల్లగా, నున్నగా కనపడాలి. అంచుల వెంట తెల్లటి పొడి గానీ, సాలెగూడు లాంటి పోగులు గానీ ఉంటే అది బూజు. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉన్నాం, మన గాలిలో తేమకు కొదవేముంది? పైగా 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. అప్పుడు తడిసిన క్యాసెట్లు ఇప్పటికీ అటకల మీంచి దిగుతూనే ఉన్నాయి.

బూజు టేపు చుట్లను ఒకదానికొకటి అతికించేస్తుంది. వీసీఆర్ లాగగానే అంచు చీలుతుంది, లేదంటే టేపే తెగుతుంది. తెగకపోయినా ఆ పొడి, టేపు మీది బొమ్మను చదివే హెడ్లకు పట్టేస్తుంది. మన దేశంలో వాడే పాల్ పద్ధతి వీసీఆర్‌లో హెడ్లుండే డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఇక ఆ తర్వాత వేసిన మంచి క్యాసెట్టుకూ బూజు అంటుకున్నట్టే. హెడ్డు పోతే కొత్తది ఎక్కడ తెస్తాం? వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే ఆపేసింది.

ఎండలో పెడితే బూజు చస్తుందని ఇంకో పుకారు. బూజు సంగతేమో గానీ, వేడికి టేపు వంకర్లు పోతుంది. నేనైతే మూతికి మాస్కు కట్టుకుని, వెనక ఉన్న ఐదు స్క్రూలు విప్పి, హెడ్లు తీసేసిన పాత మెషిన్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ తాకిస్తూ టేపును నెమ్మదిగా నడిపిస్తాను. ఒక్కోదానికి ఒక పూట పట్టేస్తుంది.

అపోహ: అది సినిమా క్యాసెట్టే, పారేయొచ్చు.

గిరి రోడ్డు నుంచి ఒక పెద్దావిడ పెళ్లి క్యాసెట్టుతో పాటు ఇంకోటి తెచ్చి, "ఇది సినిమాదే నాయనా, నీ దగ్గరే పడేయ్" అన్నారు. లేబుల్ మీద ఎర్ర బాల్‌పెన్నుతో 'శ్రీవారికి ప్రేమలేఖ' అని ఉంది. 1984లో వచ్చిన జంధ్యాల సినిమా. ముక్కూ మొహం తెలియని అమ్మాయి ప్రేమలేఖ పట్టుకుని నరేశ్ ఆమెను వెతుక్కుంటూ పడే తంటాలు, ఆ గందరగోళం అంతా ఇంతా కాదు. శ్రీలక్ష్మి సినిమా కథను టైటిల్స్ దగ్గర్నుంచి చెప్పే సీను వస్తే ఇప్పటికీ పని ఆపేసి చూస్తాను.

మూడు గంటల టేపులో సినిమా అయిపోయాక కూడా కాస్త చోటు మిగులుతుంది. అప్పట్లో ఖాళీ క్యాసెట్టు ఖరీదైన వస్తువు కాబట్టి ఆ చోటును ఎవరూ వృథా పోనిచ్చేవారు కాదు. శుభం కార్డు పడ్డాక కాసేపు చుక్కలు, తర్వాత ఒక వరండా. లుంగీలో ఒకాయన కూరగాయల బండివాడితో ఒడియాలో బేరమాడుతూ, మధ్యలో ఇంట్లోకి తిరిగి "సంచీ ఏదే?" అని తెలుగులో కేకేస్తున్నారు. ఆవిడ భర్త. పోయి చాలా ఏళ్లయిందట. పెళ్లి క్యాసెట్టులో ఆయన గొంతు ఎక్కడా లేదు, అంతా సన్నాయి, సినిమా పాటలే.

అందుకే సినిమా క్యాసెట్లయినా చివరిదాకా చూడనిదే పారేయకండి. సినిమాను మాత్రం నేను కాపీ చేసివ్వను, హక్కులు సినిమా తీసినవాళ్లవి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాత సినిమా క్యాసెట్టుకు లక్షలిస్తారన్నది వట్టి వాట్సాప్ కబురు. ఫోను పక్కన పెడితే టేపు చెరిగిపోదు, పెద్ద స్పీకరు బాక్సుకు మాత్రం దూరంగా ఉంచండి. డిజిటల్ చేసినంత మాత్రాన హెచ్‌డీ అయిపోదు, వీహెచ్‌ఎస్‌లో, అంటే ఈ రకం క్యాసెట్లలో, బొమ్మ స్పష్టతే సుమారు 240 లైన్లు.

అపోహ: టేపు తెగితే అంతా పోయినట్టే.

తెగిందని ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు. టెన్షన్ పడకండి. టేపు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా నడవదు, నలిగిన ఐదు సెంటీమీటర్లు కోసేసినా పోయేది రెండు సెకన్ల పైచిలుకే. ఇంట్లో సెల్లోటేపుతో మాత్రం అతికించకండి, దాని జిగురు కారి హెడ్లకు అంటుకుంటుంది. తెగిన రెండు కొసలనూ అలాగే వదిలేసి, ఓ కవర్లో పెట్టి తీసుకురండి.