భుజం కండరంలో దొరికిన అల్యూమినియం

1993 నుంచి ఫ్రాన్స్‌లో కండరాల జబ్బులు చూసే డాక్టర్లకు మైక్రోస్కోప్ కింద ఒక వింత కనిపించసాగింది. ఒళ్లునొప్పులు, ఎంత పడుకున్నా తీరని నీరసం అంటూ వచ్చిన పెద్దవాళ్ల భుజం నుంచి చిన్న కండరం ముక్క తీసి చూస్తే, పోగుల మధ్య మాక్రోఫేజ్ కణాలు (బయటి పదార్థాలను మింగేసే రోగనిరోధక కణాలు) గుంపులు కట్టి ఉన్నాయి. పక్కనున్న కండరానికి మాత్రం పెద్దగా దెబ్బ తగల్లేదు. 1998లో డాక్టర్ రొమైన్ గెరార్డీ బృందం ‘లాన్సెట్’ వైద్య పత్రికలో దీన్ని ‘మాక్రోఫేజిక్ మయోఫాసైటిస్’ పేరుతో ప్రకటించింది. కారణం అప్పటికి తెలియదు. ఏదో సూక్ష్మజీవి అయి ఉంటుందనే అనుమానం.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ కణాల లోపల ముళ్లలాంటి సన్నని స్ఫటికాలు. పరీక్షిస్తే అల్యూమినియం అని తేలింది. ఇక దారి టీకా వైపు తిరిగింది. టీకాల్లో అల్యూమినియం లవణాలు కొత్తేం కాదు. 1926లోనే ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ డిఫ్తీరియా టీకా మందుకు పటిక (అదీ అల్యూమినియం లవణమే) కలిపితే రోగనిరోధక స్పందన బలపడుతుందని చూపించాడు. 2001లో గెరార్డీ బృందం పరిశీలించిన 50 మంది రోగులూ అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉన్న టీకా వేయించుకున్నవాళ్లే. ఎక్కువమందికి పడింది హెపటైటిస్-బి టీకా.

మరి కేసులన్నీ దాదాపు ఫ్రాన్స్‌లోనే ఎందుకు? నాకు ఈ కథలో అసలు ముడి ఇక్కడే ఉందనిపిస్తుంది. ఒకటి, 1994 నుంచి అక్కడ హెపటైటిస్-బి టీకా పిల్లలతో పాటు పెద్దవాళ్లకూ జోరుగా వేశారు. రెండోది ఇంకా ముఖ్యం. అక్కడ బయాప్సీ, అంటే పరీక్షకు కండరం ముక్క, తీసేది భుజం మీది డెల్టాయిడ్ కండరం నుంచి. పెద్దవాళ్లకు టీకా సూది దిగేదీ అక్కడే. సూది పడ్డచోటే వెతికితే సూది గుర్తు దొరక్క మానుతుందా! ఆ గుర్తు ఉన్నంత మాత్రాన నీరసానికి అదే కారణమని చెప్పలేం. రోగుల బాధ మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా భద్రత సలహా కమిటీ కూడా, టీకా పడ్డచోట అల్యూమినియం ఉన్న కణాలు మిగిలిపోవడానికీ ఫలానా అని చెప్పదగ్గ ఏ జబ్బుకూ సంబంధం కనబడలేదంది. 2005లో వెలువడిన ఒక ప్రయోగంలో కోతులకు అల్యూమినియం ఉన్న టీకా వేస్తే, సూది పడ్డచోట 12 నెలల తర్వాతా అలాంటి గుర్తే కనిపించింది, కోతులు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో గొడవ అంతటితో ఆగలేదు. అల్యూమినియం లేని టీకాలు కావాలని రోగుల సంఘం పోరాడింది. 2012లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒక నగరపాలక ఉద్యోగి కేసులో టీకాకూ జబ్బుకూ సంబంధాన్ని ఒప్పుకుంది. కోర్టు కొలత వేరు, ల్యాబ్ కొలత వేరు. 2018లో ప్రభుత్వం పసిపిల్లలకు తప్పనిసరి టీకాలను 3 నుంచి 11కి పెంచింది. వాటిలో అల్యూమినియం ఉన్నవి చాలానే.