ఒట్టి వేగమే ఉన్న ఔట్‌ఫీల్డర్: ఫాంటసీ బేస్‌బాల్ అపోహలు – వాస్తవాలు

అమెరికాకి వచ్చాక బేస్‌బాల్ రుచి మరిగిన తెలుగువాళ్లతో కొన్నేళ్లుగా ఒక ఫాంటసీ లీగ్ (నిజమైన ఆటగాళ్లని మన ఊహా జట్టులోకి తీసుకుని, మైదానంలో వాళ్లు సాధించే అంకెలతో పోటీపడే ఆట) నడుపుతున్నాను. కమిషనర్‌ని కదా, డ్రాఫ్ట్ (ఆటగాళ్లని ఎంచుకునే రోజు) దగ్గర పడుతుంటే ఫోన్లు నాకే వస్తాయి. అందరూ అడిగేది ఒక రకం ఆటగాడి గురించే. ఔట్‌ఫీల్డ్‌లో (మైదానం వెనక భాగంలో) ఆడతాడు, మెరుపులా పరిగెడతాడు, బ్యాట్ పడితే మాత్రం అంతంతమాత్రం. "అన్నా, వీడు యాభై స్టీల్స్ కొడతాడంట. ఇతనికి ఎంత ధర దాకా పోవచ్చు?"

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. స్టీల్ అంటే హిట్ లేకుండానే, పిచర్ బంతి వేస్తుండగా రన్నర్ పరిగెత్తి తర్వాతి బేస్ చేరుకోవడం. డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు 1980లో న్యూయార్క్‌లో ఒక రెస్టారెంట్ పేరు పెట్టి మొదలుపెట్టిన రోటిసరీ పద్ధతే ఇప్పటికీ చాలా లీగ్‌లకు పునాది. ఇప్పుడు బ్యాటర్లకు ఐదు కేటగిరీలు: యావరేజ్ (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వంతు), హోమ్ రన్స్ (మన సిక్స్ లాంటివి), రన్స్, ఆర్‌బీఐ (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన రన్స్), స్టీల్స్. 12 జట్ల లీగ్ అయితే ఒక్కో కేటగిరీలో మొదటి జట్టుకు 12 పాయింట్లు, చివరి జట్టుకు 1. కింద రాసేదంతా ఈ పద్ధతికి సంబంధించినదే.

అపోహ: స్టీల్స్ కరువు. దొరికినవాణ్ణి వదలకూడదు.

2022 దాకా ఈ మాట చెల్లింది. 2021లో మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి లీగ్) మొత్తం కలిపి 2,213 స్టీల్స్. 2022లో 2,486. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ కొట్టిన జాన్ బెర్టీకి వచ్చినవి 41 మాత్రమే. 2023లో రూల్స్ మారాయి. బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది, దాంతో ఒకటో బేస్‌కి, రెండో బేస్‌కి మధ్య దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. పిచర్ ఇన్ని సెకన్లలో బంతి వేసెయ్యాలనే పిచ్ క్లాక్ వచ్చింది. అన్నిటికంటే పెద్ద మార్పు, ఒక బ్యాటర్ క్రీజులో ఉన్నంతసేపూ పిచర్ రెండుసార్లే రన్నర్ వైపు విసరడానికో, రబ్బర్ (పిచర్ కాలు ఆనించే పలక) మీద నుంచి తప్పుకోవడానికో వీలు. మూడోసారి ప్రయత్నించి రన్నర్‌ని ఔట్ చెయ్యలేకపోతే అతనికి తర్వాతి బేస్ ఉచితం. ఆ సంవత్సరం స్టీల్స్ 3,503కి ఎగబాకాయి, 2024లో 3,617.

ఇలా సరుకు పెరిగితే ధర దిగాలి కదా. 2021లో 40 స్టీల్స్ అంటే లీగ్ మొత్తంలో దాదాపు 1.8 శాతం. 2023లో అవే 40 సుమారు 1.1 శాతం. పైగా పెరిగినవి ఎవరి ఖాతాలో పడ్డాయో చూడండి. 2023లో రోనాల్డ్ అకూన్యా 41 హోమ్ రన్లతో పాటు 73 స్టీల్స్ కొట్టాడు. 2025లో హువాన్ సోటో 43 హోమ్ రన్స్, 38 స్టీల్స్. సోటో నుంచే 38 వస్తున్నప్పుడు, స్టీల్స్ తప్ప ఇంకేమీ ఇవ్వలేనివాడికి పాత ధర ఎందుకు పెట్టాలి? ఒక్కో జట్టు మొత్తం 260 డాలర్లు ఖర్చు పెట్టే వేలంలో నేనైతే ఇలాంటివాడికి పది డాలర్లు దాటను. ఇరవై దాకా పోయేవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తుంటాను.

అపోహ: కాళ్లలో వేగం ఉంటే స్టీల్స్ వాటంతట అవే వస్తాయి.

ఆటగాడు సెకనుకి ఎన్ని అడుగులు పరిగెడతాడో మేజర్ లీగ్ కొలత వ్యవస్థ స్టాట్‌కాస్ట్ కొలుస్తుంది. మేజర్ లీగ్ సగటు 27. 30 దాటితే మేటి. బైరన్ బక్స్‌టన్ ఏళ్ల తరబడి ఆ పట్టికలో పై వరసలోనే ఉన్నా, ఒక సీజన్‌లో అతని అత్యధికం 2017లో కొట్టిన 29. జాష్ నేలర్ ఫస్ట్ బేస్‌మన్, వేగం 25 అడుగులు కూడా ఉండదు, లీగ్‌లో అతనికంటే నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు చాలా తక్కువ. అలాంటివాడు 2025లో 30 స్టీల్స్ కొట్టి, దొరికింది రెండేసార్లు!

స్టీల్ అంటే లెక్క. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ చేతికి చేరడానికి సుమారు 1.3 సెకన్లు, క్యాచర్ అందుకుని రెండో బేస్‌కి చేర్చడానికి సుమారు 2 సెకన్లు. మొత్తం 3.3. రన్నర్ బేస్ వదిలి ఎంత ముందుకొచ్చి నిలబడ్డాడు, పిచర్ తన వైపు కాక బ్యాటర్ వైపే వేస్తున్నాడని ఎంత త్వరగా పసిగట్టాడు అన్నదానిలోనే సగం పని అయిపోతుంది. నేలర్ బతికేది అక్కడే.

కాబట్టి స్ప్రింట్ స్పీడ్ ఒక్కటే చూసి డ్రాఫ్ట్ చెయ్యొద్దు. ఎన్నిసార్లు ప్రయత్నించాడు, ఎన్నిసార్లు దొరికిపోయాడు, రెండూ చూడండి. దొరికిపోతే మన లీగ్‌లో కోత లేదు నిజమే, కానీ అసలు జట్టు మేనేజర్ దగ్గర ఉంది. నూటికి 70–75 సఫలం కాకపోతే ఆ పరుగు వల్ల జట్టుకు నష్టమే. ఆ గీత కిందికి పోతే మేనేజర్ పరుగు ఆపేస్తాడు, మీ స్టీల్స్ కూడా ఆగిపోతాయి.

అపోహ: ఫాంటసీలో ఫీల్డింగ్‌కి పాయింట్లు లేవు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మనవాళ్లు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే. క్రికెట్ ఫాంటసీలో క్యాచ్‌కీ రనౌట్‌కీ పాయింట్లు ఉంటాయి, ఇక్కడ గ్లవ్‌కి, అంటే ఫీల్డింగ్‌కి, సున్నా. అందుకని దాన్ని లెక్కలోంచే తీసేస్తారు. కానీ బ్యాట్ బలహీనంగా ఉన్న ఔట్‌ఫీల్డర్‌ని రోజూ మైదానంలోకి దించేది ఆ గ్లవ్వే. ఆడితేనే స్టీల్స్. అంటే మీకు పాయింట్లు ఇవ్వని పనే, మీకు పాయింట్లు వస్తాయా రావా అన్నది తేలుస్తుంది.

బిల్లీ హామిల్టన్‌ని గుర్తుచేసుకోండి. 2012లో మైనర్ లీగ్స్‌లో (మేజర్ లీగ్ కింది మెట్లలో) 155 స్టీల్స్ కొట్టి రికార్డు సృష్టించాడు. సిన్సినాటిలో 2014 నుంచి 2017 దాకా వరసగా 56, 57, 58, 59. (నాలుగేళ్లూ నేషనల్ లీగ్‌లో రెండో స్థానమే. మూడుసార్లు డీ గోర్డన్, ఒకసారి హొనథన్ విలార్ ముందున్నారు. పాపం.) 2015లో అతని యావరేజ్ .226, అంటే నూరుసార్లు బ్యాట్ పడితే ఇరవై రెండు, ఇరవై మూడు హిట్లు. అంత బలహీనమైన బ్యాట్‌తోనూ అన్నేళ్లు రోజూ ఆడాడంటే, సెంటర్ ఫీల్డ్‌లో అతను పట్టే క్యాచ్‌లు అలాంటివి.

ఇప్పుడు ఎస్తెయురీ రూయిజ్. 2023లో ఓక్లండ్‌కి 67 స్టీల్స్, అమెరికన్ లీగ్ రూకీలలో (మొదటి సీజన్ ఆటగాళ్లలో) రికార్డు. యావరేజ్ .254, హోమ్ రన్స్ 5. బ్యాట్ హామిల్టన్ కంటే తీసికట్టు ఏమీ కాదు. కానీ సెంటర్ ఫీల్డ్‌లో అతని ఆటకి కొలమానాలు చాలా తక్కువ మార్కులు వేశాయి. తర్వాతి మార్చిలో ఎందరో అతన్ని స్టీల్స్ కోసమని తీసుకున్నారు. 2024 సీజన్ మొదలైన కొద్ది రోజులకే మైనర్ లీగ్స్‌లో పై మెట్టయిన ట్రిపుల్-ఏకి పంపేశారు. తర్వాత గాయం. ఆ ఏడాది మొత్తం 29 మ్యాచ్‌లు, 5 స్టీల్స్.

2025లో ఇదే కథ ఇద్దరి మీద ఒకేసారి నడిచింది. చాండ్లర్ సింప్సన్, విక్టర్ స్కాట్ ఇద్దరూ 2023లో మైనర్ లీగ్స్‌లో చెరి 94 స్టీల్స్ కొట్టినవాళ్లు. 2025లో స్కాట్ సెయింట్ లూయిస్ తరఫున .216 కొట్టాడు. చూడటానికే బాధేసే యావరేజ్ అది. అయినా సెంటర్ ఫీల్డ్ మొత్తం తనే కాచాడు, 34 స్టీల్స్ వచ్చాయి. టాంపా బే రేస్ జట్టులో సింప్సన్ .295 కొట్టాడు, అయినా ఏప్రిల్‌లో పైకి తెచ్చినవాణ్ణి మే చివర్లో మళ్లీ కిందికి పంపారు. గాయం నుంచి కోలుకుని వస్తున్న ఔట్‌ఫీల్డర్‌కి చోటు కావాల్సి వచ్చింది, సింప్సన్ గ్లవ్ ఇంకా పదునెక్కాల్సి ఉంది. తిరిగొచ్చి 44 స్టీల్స్‌తో సీజన్ ముగించాడు గానీ, అతను కింద ఉన్నన్నాళ్లూ బెంచ్ మీద మోసినవాళ్లకి ఆ టెన్షన్ ఎలాంటిదో తెలుసు.

ఇలాంటి ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే యావరేజ్ కాలమ్ కంటే ముందు నేను చూసేది సెంటర్ ఫీల్డ్ ఎవరిదన్నది. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడే బలహీన బ్యాటర్‌కి ఏ జట్టులోనూ చోటు ఖాయం కాదు, అక్కడ ఇరవై హోమ్ రన్స్ కొట్టేవాడు ఎప్పుడూ వరసలో ఉంటాడు.

గ్లవ్ తర్వాత చూడాల్సింది బ్యాటింగ్ ఆర్డర్. ఆర్డర్‌లో ఒక్కో మెట్టు దిగితే సీజన్‌లో దాదాపు 18 ప్లేట్ అపియరెన్స్‌లు (బ్యాటింగ్‌కి దిగే సార్లు) తగ్గుతాయి. మొదటి స్థానం నుంచి తొమ్మిదికి జారితే సుమారు 140 పోయినట్టే. అవకాశాలు తగ్గితే స్టీల్స్‌తో పాటు రన్స్ కూడా తగ్గుతాయి. ఇలాంటివాడు స్టీల్స్ కాకుండా మీకు ఇవ్వగలిగిన రెండో సరుకు రన్స్ ఒక్కటే.

అపోహ: యావరేజ్ దెబ్బతింటుంది, అదే పెద్ద నష్టం.

లెక్క వేద్దాం. మీ జట్టులో 14 మంది బ్యాటర్లు కలిసి సీజన్‌లో 7,000 ఎట్-బ్యాట్స్ (యావరేజ్‌కి లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) ఆడి .260 కొడుతున్నారనుకోండి. వాళ్లలో ఒకరి స్థానంలో 450 ఎట్-బ్యాట్స్ ఆడి .225 కొట్టేవాణ్ణి పెట్టారు. పోయేవి 16 హిట్లు. జట్టు యావరేజ్ .260 నుంచి సుమారు .258కి దిగుతుంది. పట్టికలో పోటీ గట్టిగా ఉంటే ఒకటో రెండో పాయింట్లు పోవచ్చు, అంతకు మించి ఉండదు.

అసలు గండి పడేది హోమ్ రన్స్, ఆర్‌బీఐ దగ్గర. 2016లో హామిల్టన్ 58 స్టీల్స్ కొట్టి తెచ్చిన హోమ్ రన్స్ 3, ఆర్‌బీఐ 17. అదే స్లాట్‌లో ఒక సాదాసీదా ఔట్‌ఫీల్డర్ 18 హోమ్ రన్స్, 65 ఆర్‌బీఐ ఇస్తాడనుకుంటే, 15 హోమ్ రన్స్, 48 ఆర్‌బీఐ మిగతా 13 మందిలోంచి పిండుకోవాలి. ఒకణ్ణి తీసుకుంటే మొదటి మూడు నాలుగు రౌండ్లలో పవర్ కొట్టేవాళ్లని దండిగా పోగేసి భరించవచ్చు. ఇలాంటివాళ్లని ఇద్దరిని పెట్టుకున్న జట్టు మా లీగ్‌లో పైకి రావడం నేనైతే చూడలేదు.

అపోహ: బలం లేని బ్యాటర్లంతా ఒకే రకం.

పాత ఔట్‌ఫీల్డర్ హువాన్ పియర్‌ని చూడండి. కెరీర్ మొత్తంలో 18 హోమ్ రన్స్, 614 స్టీల్స్, యావరేజ్ .295. బంతిని తప్పిపోనిచ్చేవాడు కాదు, ఎక్కడో ఒకచోట పడేలా కొట్టి పరిగెత్తేవాడు. 2003లో 65 స్టీల్స్‌తో పాటు .305. ఇలాంటివాడు రెండు మూడు కేటగిరీలు మోస్తాడు, ధర వేరే ఉండాలి. సింప్సన్‌ది కూడా కొంత ఈ దారే.

అయితే ఒక మెలిక. ఇలాంటివాళ్లకి పిచర్లు భయపడరు. మహా అయితే సింగిల్ కదా అని బ్యాటర్ కొట్టగలిగే జోన్ మధ్యలోనే వేసేస్తారు. అందుకే వాక్స్ (నాలుగు బంతులు జోన్ బయట పడితే ఉచితంగా దక్కే ఒకటో బేస్) తక్కువ. 2025లో సింప్సన్ యావరేజ్ .295 అయితే ఆన్-బేస్ (హిట్లతో పాటు వాక్స్ కూడా కలిపి బేస్ చేరిన వంతు) .326 మాత్రమే. యావరేజ్ లీగ్‌లో మీకు ఊతమయ్యే మనిషి, ఆన్-బేస్ లెక్కపెట్టే లీగ్‌లో ఏమంత పనికిరాడు. వేరే లీగ్ ర్యాంకింగ్స్ తెచ్చి మన డ్రాఫ్ట్‌లో వాడేవాళ్లు ఈ తేడా దగ్గరే బోల్తాపడతారు.

అపోహ: బెంచ్ మీద నుంచి పరిగెత్తించడానికి వచ్చేవాడైనా పనికొస్తాడు.

1974–75లో ఓక్లండ్ హెర్బ్ వాషింగ్టన్ అనే స్ప్రింటర్‌ని కేవలం పరిగెత్తడానికే తీసుకుంది. 105 మ్యాచ్‌లు, ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు, 31 స్టీల్స్. సరదా కథే. కానీ రోజూ లైనప్ మార్చే లీగ్‌లోనైనా మీకున్న స్లాట్లు లెక్కే. పించ్ రన్నర్ (ఇంకొకరి బదులు పరిగెత్తడానికి వచ్చేవాడు) ఎప్పుడు దిగుతాడో ముందే తెలియదు. వదిలేయండి.

కేటగిరీలు కాకుండా ప్రతి పనికీ నేరుగా పాయింట్లు ఇచ్చే పాయింట్స్ లీగ్ అయితే చర్చే లేదు. స్టీల్‌కి సాధారణంగా ఒకటో రెండో పాయింట్లు, ఒక్క హోమ్ రన్‌కి బేస్‌లు, రన్, ఆర్‌బీఐ కలిపి అంతకు ఎన్నోరెట్లు. అక్కడ ఇలాంటివాణ్ణి డ్రాఫ్ట్ చెయ్యొద్దు.

అపోహ: ఒకసారి తీసుకున్నాక సీజన్ చివరిదాకా ఉంచుకోవాల్సిందే.

స్టీల్స్‌లో మొదటి స్థానానికి 12 పాయింట్లే, రెండో జట్టు కంటే 5 ముందున్నా 40 ముందున్నా ఒకటే. జూలై వచ్చేసరికి మీ ఆధిక్యం ముప్పై దాటిందంటే, ఆ వేగవంతుడు ఇకపై కొట్టేవి మీకు పెద్దగా ఉపయోగపడవు. అదే సమయంలో స్టీల్స్‌లో నాలుగైదు జట్లు రెండు మూడు తేడాతో ఒకచోట గుమిగూడి ఉంటాయి, వాటిలో ఒకదానికి ఇతని వల్ల మూడు నాలుగు పాయింట్లు కలిసి రావచ్చు. హోమ్ రన్స్‌లో ముందుండి స్టీల్స్‌లో వెనకబడిన జట్టుని వెతికి, వాళ్ల మూడో ఔట్‌ఫీల్డర్‌ని అడగండి. ట్రేడ్ గడువు దగ్గరపడేదాకా ఆగొద్దు, అప్పటికి వాళ్లకి ఇతను పరిగెత్తడానికి రోజులే మిగలవు, బేరం మీ చేతిలో ఉండదు. అడిగేముందు ఒకసారి ఆ వారం లైనప్ కార్డులు కూడా చూసుకోండి. తొమ్మిదో స్థానానికి జారిపోతున్నాడని అవతలివాళ్లు గమనించకముందే ఫోన్ చెయ్యాలి.